పద్నాలుగో లెక్క

ఉదయగిరి,
జూన్ 21, 2024

అమ్మా కరుణా,

ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. నువ్వు రాసింది వారంరోజులు బైబిలు కింద పెట్టి, దాని పక్కనే కూర్చోని కాఫీలు తాగినాను. మూడో తరగతి పిల్లలకు తీసివేతలు ఎట్ట చెప్పాలని, ట్రైనింగు చదివిన టీచరమ్మవి, బడి గడప తొక్కని నన్ను అడగడమేంది? ఎగతాళి అనుకున్నాను. మళ్ళీ చదివితే కాదనిపించింది. ఫోను చెయ్యమంటావేమో. యాభై ఏండ్లు ఉలి మీద సుత్తితో కొట్టినోడికి ఫోనులో వినపడేది ఈగ రొద ఒకటే.

నాకు చదువు చెప్పింది చచ్చిపోయినోళ్ళు. మా మేస్త్రీ సుబ్బన్న కాగితం మీద రాసిస్తే, దాన్ని చూసి సమాధి రాతి మీద చెక్కేవాణ్ణి. ఇది 'ఆ', ఇది 'మ' అని అట్ట పట్టుబడింది. ఒక రాతికి మూడు వరసలు. మొదటిది పేరు. రెండోది పుట్టిన ఏడు, పోయిన ఏడు. మూడోది వయస్సు. ఆ మూడో వరసకి తీసివేత రావాల్సిందే. పలక మీద తప్పు పడితే ఎంగిలితో తుడుచుకుంటావు. రాతి మీద పడితే?

పడింది కూడా. వరికుంటపాడు దిక్కు ఒకాయనకి ముప్పై ఏడు చెక్కబోయి నలభై ఏడు చెక్కినాను. ఆయన భార్య వేలితో తడుముకోని, "ఉండనీలే నాయనా, ఇంకో పదేండ్లు నాతో ఉన్నట్టుంటాడు" అనింది. ఆ రాయి ఇప్పటికీ అట్నే ఉండాది. సరే, దారి తప్పినాను.

అంకె కింద అంకె పెట్టి, చాలకపోతే పక్కనోణ్ణి అడిగి పది తెచ్చుకోమంటారే, అది నాకెప్పుడూ కుదర్లా. నేను వెనక్కి నడవను. చిన్న అంకె మీద నిలబడి పెద్ద అంకె దాకా గంతులేస్తాను. 38 నుంచి 52 దాకా పోవాల. 40కి రెండు. 50కి పది. 52కి రెండు. మొత్తం పద్నాలుగు. పెద్ద అంకెలైనా అంతే. 1931లో పుట్టి 2009లో పోయినాడనుకో. 1940కి తొమ్మిది, ఆడ నిలబడి ఊపిరి తీసుకో. 2000కి అరవై, మళ్ళీ నిలబడు. 2009కి తొమ్మిది. డెబ్బై ఎనిమిది. అయిపాయె. బస్సు ప్రతి రాయి కాడా ఆగదు గదా, స్టేజీల్లోనే ఆగుతాది.

చెక్కిన రాళ్ళన్నీ నోటుబుక్కులో ఎక్కించి ఉండాయి, వీధికి కొన్ని పేజీలు. మన వీధి పేజీలు చేతికొచ్చినాయి. వాటిల్లోంచి వరసగా పది లెక్కలు ఎత్తి పంపుతుండాను. పేర్లు తీసేసినాను. పిల్లలకు అంకెలు చాలు.

మీ పెదనాయన,
ఆదెయ్య

ఆత్మకూరు,
జూలై 9

పెదనాయనా, వందనాలు.

నీ గంతులు మా బడి వరండా అంతా నిండిపోయాయి. సుద్దముక్కతో పొడుగ్గా గీత గీసి పదులు గుర్తు పెట్టాను. పిల్లలు నిజంగానే దూకుతున్నారు. పక్క క్లాసు సారు వచ్చి "ఇది లెక్కల పీరియడా, ఆటల పీరియడా మేడం?" అని అడిగిపోయాడు.

ఫిర్దోస్ అని ఒక పిల్ల ఉంది. వాళ్ళ నాయన లాల్ బాషా బస్సు డిపో దగ్గర పంక్చర్లు వేస్తాడు. 52లోంచి 38 తియ్యమంటే 26 అనేది. ఎట్లాగమ్మా అంటే, "ఎనిమిదిలోంచి రెండు తీసినా, అయిదులోంచి మూడు తీసినా" అనేది. పెద్దది ఎక్కడుంటే అక్కడినుంచి తీసెయ్యడమే. సగం క్లాసుది అదే తప్పు. ఇప్పుడు మూడు గంతులేసి "పద్నాలుగు" అని చేతులు దులుపుకుంటోంది.

నువ్వు పంపిన పది లెక్కలూ చేశారు. జవాబులు బోర్డు మీద రాశాను. 81, 78, 76, 70, 71, 64, 58, 55, 49, 46. అందరూ చప్పట్లు కొడుతుంటే ఫిర్దోస్ మాత్రం బోర్డు వైపే చూస్తూ, "టీచర్, ఆ తాత పెద్ద గంతుల నుంచి చిన్న గంతులకి రాసుకుంటా వచ్చినాడు. 71 కాడ ఒక్కచోట మరిచిపోయినాడు" అంది. ఏదో అట్లా కుదిరిందిలే అన్నాను.

కుదిరిందే కదా పెదనాయనా?

ఇంకో ఇరవై లెక్కలు పంపు. కాళ్ళు పొంగుతున్నాయని నాయన చెప్పాడు. డాక్టరుకి చూపించుకున్నావా?

కరుణశ్రీ

ఉదయగిరి,
జూలై 25

అమ్మా కరుణా,

ఆ పంక్చర్లాయన కూతురికి కండ్లు బాగా పనిచేస్తుండాయి. అద్దాలు పెట్టించే పని లేదని చెప్పు. కుదరక ఏమైతాది, రాళ్ళు ఏ వరసలో వస్తే ఆ వరసలో రాస్తాను. ఈసారి ఇరవై పంపుతుండాను. బాగా కలిపి పంపుతుండాను, పిల్లలు వరస చూసి జవాబు ఊహించకుండా.

రెండో ఉపాయం చెప్తాను. దీని పేరు జరపడం. చర్చిలో బల్ల మీద ఇద్దరు ఎడంగా కూర్చోనుండారనుకో. ఇద్దర్నీ రెండేసి జానలు పక్కకి జరగమను. మధ్యలో ఖాళీ మారతాదా? మారదు. 52లోంచి 38 కష్టంగా ఉంటే ఇద్దర్నీ రెండు జరుపు. 54లోంచి 40. ఎవురైనా చెప్తారు. అయితే ఇద్దర్నీ ఒకే పక్కకి జరపాల. ఒకణ్ణి ఇటు, ఇంకొకణ్ణి అటు జరిపితే సంసారం చెడతాది.

జరపడమంటే గుర్తొచ్చింది. మా పెరట్లో బోరు సంగతి నీకు తెలుసో లేదో, అప్పుడు నువ్వు హాస్టల్లో ఉంటివి. 2007లో చర్చి కాడ బావి ఎండిపాయె. నెల్లూరు నుంచి ఒకాయన మిషను తెచ్చి చూసి, చర్చి వెనక వెయ్యమన్నాడు. నేను పడనియ్యలా. పుట్టలుంటే కింద నీళ్ళుంటాయని, అవి ఏ వరసలో లేచి ఉండాయో చూసి, అయ్యా ఇంకా తూర్పుకి జరపండి అని మా పెరట్లోకి జరిపించినాను. నీళ్ళు మనిషెత్తు లేచినాయి. బావి నీళ్ళు ఉప్పన, ఇవి తియ్యన. మీ పెదమ్మ రెబెకమ్మ దోసిట్లో పట్టి తాగి, "నువ్వు చదువుకోనుంటే ఊరిని ఏం చేసేవాడివో" అనింది. వీధంతా పదిహేడేండ్లుగా ఆ నీళ్ళే తాగుతుండారు. బోరు కాడ నా పేరుతో రాయి కూడా ఉండాది. నేనే చెక్కుకున్నాను. బతికుండంగా తన పేరు చెక్కుకున్నోణ్ణి ఈ ఊళ్ళో నేనొక్కణ్ణే.

ఇప్పుడు మన వీధి బడి బోరు ఎండింది. ముప్పై ఒక్కమంది పిల్లలు. వంట చేసే కామమ్మ బిందెలతో మోసి చస్తుండాది. సంఘ పెద్ద డేవిడ్‌రాజు వచ్చి, మా పెరట్లో నుంచి బడికి పైపు వేద్దామన్నాడు. వాళ్ళ కొడుకు శాంతికుమార్‌ని వారానికి రెండుసార్లు నెల్లూరు తీసకపోయి డయాలసిస్ చేయిస్తుండాడు, మనిషి సగమైనాడు, అయినా పిల్లల నీళ్ళ కోసం తిరుగుతుండాడు. కాదని ఎట్ట చెప్పను? సరే అన్నాను. ఆగస్టు పదిహేను జెండా కాడ పైపు తిప్పుతారు. దానికీ రాయి చెక్కమన్నారు. నల్లబండ తెప్పించినాను.

కాళ్ళు బాగానే ఉండాయి.

పెదనాయన

ఆత్మకూరు,
ఆగస్టు 2

పెదనాయనా,

జరిపే ఉపాయం కూడా వచ్చేసింది. కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు.

జవాబులు కంటికి కనపడాలని పిల్లల చేత రంగు కాగితాలు కత్తిరించి పట్టీలు చేయించాను. పదేళ్ళకి ఒక వేలెడు పొడుగు. ప్రతి పట్టీ మీద రెండు ఏళ్ళూ రాయించాను. నువ్వు కలిపి పంపావు కదా. ఫిర్దోస్‌కి అది నచ్చలేదు. పోయిన ఏడు చూసి, ముందుది ముందు, తర్వాతది తర్వాత పెట్టి, ముప్పై పట్టీలూ గోడకి అంటించింది. రెండు మూడు చోట్ల ఎత్తుపల్లాలు ఉన్నాయి. మిగతాదంతా మెట్లు దిగుతున్నట్టే ఉంది. 2012 దాకా పట్టీలు పొడుగు. అక్కడినుంచి కిందికి దిగుతాయి. పిల్లలు దాన్ని జారుడుబల్ల అంటున్నారు.

వాళ్ళు ఇళ్ళకి వెళ్ళాక నేను దాని ముందు కూర్చున్నాను. పద్నాలుగో లెక్క దగ్గర ఆగిపోయాను. 1967, 2018. మొదటి గంతు మూడు, రెండోది ముప్పై, మూడోది పద్దెనిమిది. యాభై ఒకటి. పిల్లలు కేక పెట్టి చెప్పిన జవాబు అది. అది పెదమ్మే కదా? మొదటి పదిలో దాన్ని దాటేసి వెళ్ళావు. రెండోసారి మధ్యలో దాచి పెట్టావు. ఎందుకు పంపావు పెదనాయనా?

ఈ ముప్పైమందిదీ మన వీధే. వేరే వీధి పేజీలోంచి పది లెక్కలు పంపు. అవి కూడా దిగుతున్నాయో లేదో చూడాలి. దాంతోపాటు నీ బోరు నీళ్ళు ఒక సీసా పంపు. ఇక్కడ పరీక్ష చేసి పెడతారు. పదిహేనో తేదీ లోపల కావాలి.

కరుణశ్రీ

ఉదయగిరి,
ఆగస్టు 6

కరుణా,

లెక్క అడిగినావు, చెప్పినాను. నీళ్ళ ఊసు నిన్నెవురు ఎత్తమన్నారు?

మనుషులు పోతారు. బీడీలు తాగి పోతారు, సారా తాగి పోతారు, లారీ కింద పడి పోతారు. షుగరుకి నెల్లూరు డాక్టర్లు ఇచ్చే మాత్రలు మింగి పోతారు. మర్రిపాడు కాడ గొర్రెలు మేపే నారాయణయ్య తొంభై ఏండ్లకి చింతచెట్టు ఎక్కి పడి పోయినాడు. దానికి కూడా బోరే కారణమంటావా? రంగు కాగితాలు గోడకి అంటించి ఊరి మీద తీర్పు చెప్పే చదువు నాకు తెలవదు.

పేజీలు పంపను. సీసా పంపను. పైపుకి కాలవ తవ్వడం అయిపాయె. బండ మీద "త్రాగునీరు" అనే మాట వరకు చెక్కినాను. పదిహేనున నువ్వు కూడా రా. కామమ్మ పాయసం వండుతాది. ఆ నీళ్ళతోనే.

కాళ్ళు సాయంత్రానికి కొంచెం పొంగుతాయి, అంతే. దిండు మీద పెట్టుకుంటే పొద్దునకి దిగుతాయి.

ఆదెయ్య

ఆత్మకూరు,
ఆగస్టు 13

పెదనాయనా,

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. కామమ్మ వాళ్ళ చెల్లెలు ఇక్కడే ఉంటుంది కదా. ఆమె ద్వారా కబురు పెడితే, పోయిన వారం కామమ్మ నీ బోరు నీళ్ళు రెండు సీసాలు తెచ్చి ఇచ్చింది. ఎందుకో ఆమెకి చెప్పలేదు. "ఆత్మకూరులో నీళ్ళు లేవా ఏంది పాపా?" అని నవ్వింది.

రిపోర్టు ఈ రోజు ఇచ్చారు. ఈ కవరులోనే పెట్టాను. చెల్లెలి దగ్గరికి మళ్ళీ వచ్చిన కామమ్మ చేతికే ఇచ్చి పంపుతున్నాను, ఆమెకి చదువు రాదు. కింద గీత గీసిన చోట చూడు. తాగడానికి, వంటకి వాడకూడదని రాశారు. ఏళ్ళ తరబడి తాగితే కిడ్నీలు దెబ్బతింటాయని రిపోర్టు ఇచ్చినాయన చెప్పాడు.

నేను అధికారుల దగ్గరికి వెళ్ళగలను. ఎల్లుండి లోపల వాళ్ళు రాలేరు. ఎల్లుండి పైపు తిప్పేది మీరు. అందుకని నీకు ఒక లెక్క పంపుతున్నాను. మన వీధి బడిలో ఒకటో తరగతి పిల్లలు 2019లో పుట్టారు. రెండో అంకె ఖాళీగా వదిలేశాను.

2019 నుంచి ........ దాకా.

నేను వెయ్యలేకపోయాను. గంతులు నేర్పింది నువ్వు. నువ్వే వెయ్యి.

కరుణశ్రీ

ఉదయగిరి,
ఆగస్టు 17

అమ్మా కరుణా,

నువ్వు పంపిన లెక్క ముందేసుకోని ఒక పూటంతా కూర్చున్నాను. రాలా.

దాచింది చెప్తాను. 2018లో రెబెకమ్మ రాతికి మూడో వరస చెక్కబోతూ గంతులేసినాను. మూడు, ముప్పై, పద్దెనిమిది. యాభై ఒకటి చెక్కి, ఊరికే నోటుబుక్కు వెనక్కి తిప్పినాను. మన వీధి పేజీలు తిప్పినాను. చర్చికి అవతల వీధి పేజీలు తిప్పినాను. వాళ్ళది వేరే బోరు. వాళ్ళు డెబ్బైలు, ఎనభైలు. మనోళ్ళు దిగతా దిగతా వస్తుండారు. నీ ఫిర్దోస్ ఒక్క పీరియడులో చూసింది నేను ఆ రోజే చూసినాను. ఆరేండ్లాయె.

ఎందుకు చెప్పలా అంటావు. చోటు చూపించింది నేను. మిషను తెచ్చినాయన వద్దంటే తూర్పుకి జరిపించింది నేను. దాని మీద నా పేరు ఉండాది. పుస్తకం మూసి, ఇది లెక్క కాదు, ఏదో కుదిరింది అనుకున్నాను. నీకు రాసిన మాటే నాకు నేను చెప్పుకున్నాను. నువ్వు లెక్కలు అడిగినప్పుడు ఆ పేజీలే చేతికొచ్చినాయని రాసినానే, అది అబద్ధం. వెతికి తీసినాను. ఎవురన్నా చిన్నపిల్లలు చేసి చెప్తే బాగుండునని ఉండాది. చెప్తే కోపం కూడా వచ్చింది. రెండూ నిజమే.

పదిహేను పొద్దున మోటారు స్టార్టరు పెట్టెలో ఫ్యూజులు పెరికి జేబులో వేసుకోని బడికి పోయినాను. జెండా ఎగరేసినారు. డేవిడ్‌రాజు పైపు కాడ నిలబడి, "పెద్దాయన రెండు మాటలు చెప్తాడు" అని మైకు ఇచ్చినాడు. నాకు రెండు మాటలు రావని అందరికీ తెలుసు, రెండొందలు వస్తాయి. నవ్వుతుండారు. నేను నోటుబుక్కు తెరిచి ఏండ్లు చదవడం మొదలుపెట్టినాను. పేర్లు లేవు. పుట్టిన ఏడు, పోయిన ఏడు, ఎన్నేండ్లు. 1931, 2009, డెబ్బై ఎనిమిది. నాలుగు చదివేసరికి, "ముసలోడికి మతి పోయింది, జెండా పండగనాడు ఈ సోదేందిరా" అని ఎవురో అన్నారు. ఆగలా. 1967, 2018, యాభై ఒకటి. దాని తర్వాత 1972, 2020, నలభై ఎనిమిది అన్నాను. కామమ్మ పాయసం గరిటె కింద పెట్టింది. ఆ మనిషికి అక్షరం రాదు, ఆ రెండు అంకెలూ తెలుసు. "అది మా ఆయన" అనింది.

ఆడినుంచి నేను చదవాల్సిన పని లేకపాయె. ఒక్కో ఏడు చదివితే ఒక్కోరు లేస్తుండారు. మా నాయన. మా చెల్లెలు. మా అత్త. పిల్లలు వరసలో నిలబడి చూస్తుండారు. చివరికి రిపోర్టు తీసి డేవిడ్‌రాజు చేతికిచ్చినాను. ఆయన చదువుకున్నోడు. కింద గీత గీసిన చోట చదివి, మళ్ళీ చదివి, "నీకెప్పట్నుంచి తెలుసు ఆదెయ్యా?" అన్నాడు.

"రెబెకమ్మ రాయి చెక్కినప్పట్నుంచి" అన్నాను.

"మావాడు మంచం పట్టి మూడేండ్లేరా" అన్నాడు.

అంతే. తిట్టలా. తిట్టుంటే బాగుండేది. పాయసం గుంట తవ్వి పూడ్చినారు. నిన్న మోటారు పైకి లాగేసినారు. బోరు గొట్టానికి మూత వెల్డింగు చేయించినారు. బడికి ట్యాంకరు వస్తుండాది. ముప్పై ఒక్కమందీ ఆ పైపు నీళ్ళు తాగలా. పైపులో తాగలా అంటుండాను. ఇండ్లల్లో, కామమ్మ బిందెల్లో ఇన్నాళ్ళూ తాగినారు గదా.

నాతో ఎవురూ మాట్లాడడం లేదు. కామమ్మ మాత్రం గోడ మీద నుంచి, "అన్నం తిన్నావా?" అని అడగతాది. జవాబు వినకుండా పోతాది.

పెదనాయన

ఆత్మకూరు,
ఆగస్టు 26

పెదనాయనా,

అధికారులు వచ్చే వారం వస్తారట. వీధిలో అందరికీ రక్తపరీక్షలు చేస్తారు. మొదటి రోజే నువ్వు చేయించుకో. లేదా బస్సెక్కి ఇక్కడికి వచ్చెయ్యి, నేను తీసుకెళ్తాను. కాళ్ళ గురించి ఈసారి నిజం రాయి.

గోడ మీద పట్టీలు తీసేశాను. తీసేస్తుంటే ఫిర్దోస్ వచ్చి, "ఆ తాత వయసు ఎంత టీచర్?" అని అడిగింది. పుట్టిన ఏడు 1951 అని చెప్పాను. రెండో అంకె ఏది అంది. ఇంకా లేదు, ఈ ఏడు పెట్టుకో అన్నాను. వేళ్ళు ముడుచుకుంటూ వెళ్ళిపోయింది.

వెంటనే జవాబు రాయి.

కరుణశ్రీ

ఉదయగిరి,
సెప్టెంబరు 5

అమ్మా కరుణా,

నీ ఉత్తరం అందింది. పరీక్షల వాళ్ళు వచ్చి పోయినారు. నా రక్తం కూడా తీసుకున్నారు, కాగితం ఇంకా రాలా.

మీ పిల్లలకు మూడో ఉపాయం ఒకటి చెప్దామనుకున్నాను. తియ్యాల్సినదాన్ని రెండు ముక్కలు చేసి తియ్యడం. 52లోంచి 38 అంటే ముందు ముప్పై తీసెయ్. 22. అందులో ఎనిమిది ఒకేసారి తియ్యకుండా, రెండు తీసి ఇరవై కాడ ఆగు. మిగిలిన ఆరు తర్వాత తియ్యి. పద్నాలుగే వస్తాది.

ఈ రోజు పొద్దున డేవిడ్‌రాజు వచ్చినాడు. లోపలికి రమ్మంటే రాలా. వాకిట్లో నిలబడి మడిచిన కాగితం ఒకటి ఇచ్చి పోయినాడు. విప్పి చూసినాను. శాంతికుమార్ అని ఉండాది. కింద 1986, 2024.

ఇంట్లో వేరే రాయి లేదు. పైపు కోసం చెక్కిన నల్లబండని బోర్లా తిప్పి, మూడు వరసలకి గీతలు గీసుకున్నాను.

పెదనాయన